ఇంజిన్ మార్చిన చిన్న ఫోర్ వీల్ డ్రైవ్‌కు ఏ క్లచ్ కిట్ నప్పుతుంది?

1.3 లీటర్ సుజుకి సమురాయ్, జిప్సీల్లో విటారా 1.6 ఇంజిన్ దించేవాళ్ళు చాలామంది సిరామిక్ ముక్కల క్లచ్ ప్లేటే కావాలంటారు. అక్కర్లేదు. పాత ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) సుమారు 100 న్యూటన్ మీటర్లు, 16 వాల్వుల 1.6ది సుమారు 130. పెరిగింది మూడో వంతు లోపే. మామూలు ఆర్గానిక్ (కంపెనీ బళ్ళలో వచ్చే రకం) ప్లేటే, కాస్త పెద్ద సైజుది, హాయిగా మోస్తుంది.

లెక్క చూడండి. ప్లేటుకు రెండు ముఖాలు, రాపిడి గుణకం 0.3, ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేటును ఇంజిన్ చివరి ఫ్లైవీల్ చక్రానికి అదిమిపట్టేది) బిగింపు 4,000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 80 మిల్లీమీటర్లు అనుకుంటే 2 × 0.3 × 4,000 × 0.08 = 192 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ టార్క్ కంటే 30 నుంచి 40 శాతం ఎక్కువ పట్టు ఉంటే చాలు. వ్యాసార్ధం 90కి పెంచితే అదే బిగింపుతో 216 వస్తుంది, పెడల్ బరువెక్కదు. అందుకే మొదట చూడాల్సింది సైజు, స్ప్రింగు బలం ఆ తర్వాతే. పెద్ద ప్రెషర్ ప్లేట్ బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే తొడుగు) లోపల ఎక్కడా తగలకూడదు, అది కూడా చూసుకోవాలి.

90 హార్స్‌పవర్ ఫోక్స్‌వ్యాగన్ 1.9 టీడీఐ డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తే మాత్రం సంగతి వేరు. టార్క్ 210. కావాల్సిన పట్టు 280 దాకా. 90 మిల్లీమీటర్ల సగటు వ్యాసార్ధంతో బిగింపు 5,200 న్యూటన్లు ఉండాలి. ఆ ఇంజిన్‌కు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కలది) తీసి సింగిల్ మాస్‌ది (ఒకే ముక్కది) వేస్తే, ప్లేట్ మధ్యలో స్ప్రింగులున్నదే తీసుకోండి. స్ప్రింగుల్లేని ప్లేట్ వేస్తే గేర్‌బాక్స్ ఐడిల్‌లో గడగడలాడుతుంది.

సిరామిక్ ప్లేట్ పట్టు గట్టిదే, కానీ హాఫ్ క్లచ్ దాదాపు ఉండదు. రాళ్ళ మీద అంగుళం అంగుళం కదలాల్సిన బండి ఒక్కసారిగా ఎగిరి ముందుకు దూకుతుంది, ఆ దెబ్బ యాక్సిల్‌కూ యూ-జాయింట్లకూ తగులుతుంది. ఫ్లైవీల్ ముఖం కూడా త్వరగా అరుగుతుంది. కెవ్లార్ (గట్టి కృత్రిమ నార) రకం మెత్తగా పడుతుంది, మన్నుతుంది, కాకపోతే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఓపికగా నడిపి కుదురుకోనివ్వాలి. తొందరపడి వేడెక్కిస్తే ముఖం నున్నబడి జారడం మొదలవుతుంది. బలమైన స్ప్రింగున్న ప్రెషర్ ప్లేట్‌తో మరో చిక్కుంది. ఈ బళ్ళకు క్లచ్ కేబుల్‌తోనే నడుస్తుంది. పెడల్ బరువెక్కేకొద్దీ కేబుల్ సాగుతుంది, పెడల్ పట్టీ వంగుతుంది, క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది) కూడా అరుగుతుంది.

టైర్ల సంగతి మరవొద్దు. 27 అంగుళాల చోట 31 వేస్తే క్లచ్ మీద భారం 15 శాతం పెరిగినట్టే. లో రేంజ్ (ఫోర్ వీల్ డ్రైవ్‌లోని నెమ్మది గేర్ల అమరిక) మాత్రం క్లచ్‌కు మేలు చేస్తుంది, కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని వాడండి.

ఇక జత కలపడం. అసలు తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ ఇంజిన్ వైపువి. ప్లేట్ మధ్య పళ్ళు మాత్రం గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌కు సరిపోవాలి. పళ్ళ సంఖ్య ఒకటే అయినా షాఫ్ట్ మందంలో తేడా ఉండొచ్చు. షాఫ్ట్ మీద ఎక్కించి, ఆటంకం లేకుండా జారుతోందో లేదో చూడండి. పైలట్ బేరింగ్ (క్రాంక్ చివర ఉండి షాఫ్ట్ కొనను పట్టేది) బయటి కొలత క్రాంక్‌ది, లోపలి కొలత షాఫ్ట్ కొనది. దాన్ని వదిలేస్తే షాఫ్ట్ ఊగి, క్లచ్ పూర్తిగా వదలదు. ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు ఆనించి చేత్తో తిప్పండి: మధ్య భాగం ఫ్లైవీల్ బోల్టు తలలకు రాసుకుంటే ఆ ప్లేట్ పనికిరాదు. మెట్టున్న (ప్రెషర్ ప్లేట్ బిగించే అంచు వేరే ఎత్తులో ఉన్న) ఫ్లైవీల్‌ను చెక్కిస్తే మెట్టునూ అంతే దించాలి, లేకపోతే బిగింపు మారిపోతుంది. ప్రెషర్ ప్లేట్ వేళ్ళ (మధ్యలోని స్ప్రింగు కొనల) ఎత్తు మారితే, వాటిని నొక్కే రిలీజ్ బేరింగ్ ప్రయాణం సరిపోదు. బేరింగ్ పొడవుతో గానీ దాన్ని తోసే ఫోర్క్ పివోట్ ఎత్తుతో గానీ సర్దుకోవాలి.

క్రాంక్ వెనక సీల్ అప్పుడే మార్చేయండి. స్ప్లైన్ (షాఫ్ట్ పళ్ళ) మీద గ్రీజు పల్చగా రాయండి, ఎక్కువైతే ప్లేట్ ముఖం మీద చిందుతుంది. బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించండి. బండి దించాక ఇంజిన్ నడుస్తుండగా పెడల్ నొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. పళ్ళు కరకరలాడితే క్లచ్ వదలడం లేదు, ముందు కేబుల్ సర్దండి. అప్పటికీ అంతే ఉంటే గేర్‌బాక్స్ మళ్ళీ దించి పైలట్ బేరింగ్ చూడాలి.