18 వారాల మారథాన్ ప్లాన్, ఒక విరాళాల పేజీ: విశాఖ బీచ్ రోడ్డు మీద వాడి చూశాక

మా అమ్మ లెక్కలో 32 కిలోమీటర్లంటే సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందురోజు తొలిపావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే తెల్లారేసరికి కొండ చుట్టూ తిరిగొచ్చేస్తారు. కాళ్ళకి చెప్పులుండవు. ఆవిడ నాలుగుసార్లు చేసింది, చివరిసారి 61 ఏళ్ళ వయసులో. నా శిక్షణ ప్లాన్‌లో అన్నిటికంటే పెద్ద పరుగు కూడా సరిగ్గా 32 కిలోమీటర్లేనని చూపిస్తే ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "దానికి పద్దెనిమిది వారాలెందుకురా?" అంది. బూట్ల ధర చెప్పాక మాత్రం కళ్ళు పెద్దవి చేసింది.

నేను వాడింది రెండు. ఒకటి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే 18 వారాల మారథాన్ ప్లాన్, మొదటిసారి పరిగెత్తేవాళ్ళ కోసం రాసింది. రెండోది, విరాళాలు పోగుచేసే వెబ్‌సైట్‌లో తెరిచిన ఒక పేజీ. ఆగస్టు మొదటి వారంలో మొదలుపెట్టి, డిసెంబరులో బీచ్ రోడ్డు మీద 42.195 కిలోమీటర్లూ పూర్తి చేశాక రాస్తున్నాను. వయసు 44. అకౌంట్స్ ఉద్యోగం, అంటే రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో. మొదలుపెట్టేనాటికి ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తగలను, అంతే.

కారణం మా వదిన. రెండేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఊరు పార్వతీపురం. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి సాగుతుంది. ఒక్కో రోజు మిషన్ మీద పడుకునేది కొద్ది నిమిషాలే, కానీ రోజూ రావాలి. పార్వతీపురం నుంచి రోజూ వచ్చి వెళ్ళడం కుదిరే పని కాదు. మా ఇల్లు విశాఖలో ఉంది కాబట్టి సరిపోయింది. వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీలో వెళ్ళిపోయింది (పథకానికి ఇప్పుడు వేరే పేరు ఉంది, జనం నోట్లో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే). ఆస్పత్రి హాల్లో కూర్చున్నప్పుడు తెలిసింది, చాలామందికి వైద్యంకంటే ముందు తేలాల్సింది రాత్రికి ఎక్కడ పడుకోవాలి, తోడొచ్చిన మనిషి ఏం తినాలి అన్నది. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకాయన భార్యకి ఇడ్లీ పొట్లం కొనిచ్చి, తాను పక్కకెళ్ళి టీతో సరిపెట్టుకోవడం వరసగా నాలుగు రోజులు చూశాను. అలాంటివాళ్ళకి గది, రెండు పూటలా భోజనం ఇచ్చే ఒక చిన్న ట్రస్టు ఉందని అక్కడే తెలిసింది. వదిన ఇప్పుడు బాగుంది, చెకప్‌లకి వస్తోంది. ట్రస్టు పేరు రాయడం లేదు, ఇది ప్రకటన కాదు.

ముందు ప్లాన్ సంగతి. వారంలో నాలుగు రోజులు పరుగు, ఒకరోజు సైకిలో ఈతో, రెండు రోజులు విశ్రాంతి. వారాంతంలో ఒక పెద్ద పరుగు, అది పదితో మొదలై మెల్లగా పెరుగుతుంది. ప్రతి మూడో వారం దూరం కాస్త తగ్గుతుంది. చివరి మూడు వారాలూ బాగా తగ్గించేస్తారు. ఆ అమరిక బాగుంది. అన్నిటికంటే నచ్చింది, వేగం గురించి అసలు పట్టించుకోకపోవడం. పక్కవాళ్ళతో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అదే సరైన వేగం అంటుంది. నా పక్కన ఎవరూ లేరు కాబట్టి పదిహేడో ఎక్కం చదువుకునేవాణ్ణి. పదిహేడు ఏళ్ళు నూట పంతొమ్మిది దగ్గర ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. ఎదురొచ్చే వాకర్లు నేనేదో జపం చేస్తున్నాననుకుని పక్కకి తప్పుకునేవారు.

నచ్చనిది, ప్లాన్ మొత్తం మైళ్ళలో ఉంది, రాసినవాళ్ళు మన ఉక్కపోత ఎరగరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విశాఖలో ఎండకంటే గాలిలో తేమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, ఇక్కడ అది ఆరదు, కారుతుందంతే. దాంతో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మొదటి నెలంతా నాకు స్టామినా లేదనుకుని తెగ టెన్షన్ పడ్డాను. తర్వాత ఒక వారం ఆఫీసు పనిమీద బెంగళూరు వెళ్ళి అక్కడ పరిగెత్తితే కాళ్ళు వాటంతటవే కదిలాయి. అప్పుడర్థమైంది, తప్పు నాది కాదు, గాలిది. అక్కణ్ణుంచి కిలోమీటరుకి అరనిమిషం పైగా నెమ్మదించి, దూరం మాత్రం తగ్గించలేదు.

ఇంకోటి, మనకి తొందరగా తెల్లవారుతుంది. దేశం మొత్తానికి టైము చెప్పే రేఖ కాకినాడ పక్కగా పోతుంది, మనం దానికి ఇంకాస్త తూర్పున ఉన్నాం. ఆగస్టులో ఐదున్నర దాటగానే సూర్యుడు సముద్రంలోంచి లేచి నేరుగా మొహం మీదకి వస్తాడు. 20 దాటిన పరుగులన్నీ తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టాల్సి వచ్చింది. ప్లాన్‌లో లేని ఈ కష్టం నాకంటే మా ఆవిడకి ఎక్కువ, అలారం ఆవిడ దిండు పక్కన మోగేది.

దారి గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇక్కడ మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెడితే మొదటి కొన్ని కిలోమీటర్లు స్వర్గం. పొద్దున్న కొన్ని గంటలు అక్కడ బళ్ళు ఆపేస్తారు, లైట్లుంటాయి, మనుషులుంటారు. లాసన్స్ బే దాటి తెన్నేటి పార్కు వైపు వెళ్ళేసరికి రోడ్డు పైకి లేస్తుంది. కైలాసగిరి పాదం వెంబడి ఆ ఎక్కుడు పోతున్నప్పుడు తెలీదు, వస్తున్నప్పుడు మాత్రం ప్రాణం తీస్తుంది. జోడుగుళ్ళపాలెం దగ్గర చీకట్లో కుక్కలు. పరిగెత్తితే వెంటపడతాయి, ఆగి నడిస్తే ఊరుకుంటాయి. ప్లాన్‌లో లేని 'స్పీడ్ వర్క్' నాకు రెండుసార్లు అక్కడే జరిగింది. సాగర్ నగర్ దాటాక ఋషికొండ వరకూ మళ్ళీ ఎక్కుదిగుడు. 28, 32 పరుగులకి తొట్లకొండ వైపు, మంగమారిపేట దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఆ వేళప్పుడు ఒడ్డున వల లాగేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. మరుగుదొడ్లు తెరిచి ఉండవు. ఇది చిన్న విషయం కాదు, ముందే ఆలోచించుకోండి.

ఏడో వారంలో ఎడమ మోకాలి కింద ఎముక పట్టేసింది. డాక్టరు చెప్పిన కారణం, తొందరపడి దూరం పెంచడం. నేను కనిపెట్టిన ఇంకో కారణం, రోజూ రోడ్డుకి ఒకే పక్కన పరిగెత్తడం. నీళ్ళు పోవడానికి రోడ్డు అంచులు వాలుగా ఉంటాయి కదా, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. పది రోజులు ఆపి ఈతకెళ్ళాను. ప్లాన్‌లో గాయమైతే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. ఉచితం కాబట్టి ఊరుకుంటున్నాను, డబ్బులిచ్చి కొన్నదైతే తిట్టేవాణ్ణి.

తిండి విషయంలో చాలా డబ్బు తగలేశాక తెలిసింది, పరుగు మధ్యలో శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్లు నా కడుపుకి పడవని. రెండు ఖర్జూరాలు, ఒక పల్లీ చిక్కి ముక్క అదే పని చేశాయి. ఉత్త నీళ్ళు మాత్రం అదేపనిగా తాగకండి. చెమటలో ఉప్పు పోతుంటే పైనుంచి నీళ్ళే పోస్తూ ఉంటే ఒంట్లో సోడియం పలచబడిపోతుంది, అది ప్రమాదం. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్నది, లీటరు నీళ్ళలో కలుపుకుంటే చాలు. పరుగయ్యాక కొబ్బరి బొండాం. బీచ్‌లో బొండాలు కొట్టే పెద్దాయన నన్ను కొన్నాళ్ళు చూసి ఒకరోజు అడిగాడు: "ఏటి బావూ, రోజూ ఈ పరుగు, ఎవుల్ని పట్టుకోడానికి?"

డబ్బులు పట్టుకోడానికి అని చెప్పాలనిపించింది, ఎందుకంటే అప్పటికి ఆ వైపు నా పరిస్థితి ఘోరంగా ఉంది.

పేజీ తెరిచిన రోజున నేను రాసింది ఇదీ: "నేను క్యాన్సర్ రోగుల కోసం 42.195 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. కిలోమీటరుకి పది రూపాయల చొప్పున సాయం చెయ్యండి." ఇంగ్లిషు పేజీల్లో అందరూ ఇలాగే రాస్తారు. లక్ష్యం రెండు లక్షలు. మొదటి ఆరు వారాల్లో వచ్చింది 14,500. అందులో పదివేలు నావీ మా అన్నయ్యవీ. జనం చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకి ఆ లెక్క అర్థం కాలేదు. ఆఫీసులో ఒకాయన "మధ్యలో ఆగిపోతే ఎంతివ్వాలి?" అని సీరియస్‌గానే అడిగాడు. మా మావయ్య "నువ్వు పరిగెడితే వాళ్ళ జబ్బు ఎలా తగ్గుతుందిరా" అన్నాడు. ఇంకొకరు "ఆ బూట్ల డబ్బులే ఇచ్చెయ్యొచ్చుగా" అన్నారు. ఈ చివరిది న్యాయమైన ప్రశ్న. బూట్లకి పెట్టినంతా ముందు నేనే ట్రస్టుకి కట్టేసి, ఆ రసీదు జేబులో పెట్టుకుని తిరిగాను. మళ్ళీ ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

పద్ధతి మార్చింది అమ్మ. "గిరి ప్రదక్షిణలో దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పంచేవాళ్ళు మేం ఎన్ని కిలోమీటర్లు నడిచామని అడిగి ఇస్తార్రా? ఆకలిగా ఉంటారని పెడతారు. ఆకలి సంగతి చెప్పు" అంది. పేజీ మీద రాసింది మొత్తం తీసేశాను. ఒక రోగికీ తోడు మనిషికీ ఒకరోజు భోజనం 200 రూపాయలు, కావాలంటే మీవాళ్ళ పేరు మీద ఇవ్వండి అని తెలుగులో నాలుగు లైన్లు రాశాను. తర్వాత మొదటి వారంలోనే అంతకుముందు ఆరు వారాల్లో వచ్చినదానికంటే ఎక్కువ వచ్చింది. ఒకరు వాళ్ళ నాన్నగారి తద్దినం రోజున, ఒకరు మనవరాలి పుట్టినరోజుకి, మా వీధిలో ఇస్త్రీ చేసే ఆమె తన చెల్లెలి పేరు మీద. చాలామంది 200, 400, 600. పెద్ద మొత్తాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడి గురించి అప్పుడు మళ్ళీ చదివాను. ఎముక క్యాన్సర్‌తో కుడికాలు పోయి, కృత్రిమ కాలితో 1980 ఏప్రిల్‌లో దేశం ఆ కొస నుంచి ఈ కొసకి పరిగెత్తడం మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకి ఆపేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది చనిపోయాడు, 22 ఏళ్ళకే. అంతకుముందు నేను చదివినప్పుడు కిలోమీటర్లే చూశాను. ఈసారి చూసింది, అతను అడిగింది దేశంలో ఒక్కొక్కరి నుంచి ఒక్క డాలరు.

అయితే పరుగెందుకు, ఉత్తినే భోజనానికి అడగొచ్చు కదా? నేనూ ఆలోచించాను. పరుగు లేకపోతే ఒకసారి అడిగి, మొహమాటానికి ఊరుకునేవాణ్ణి. ప్రతి ఆదివారం "ఈవారం 24 అయింది, 61 మంది భోజనాలయ్యాయి" అని వాట్సాప్‌లో పెట్టడానికి అదొక వంక. ఇచ్చినవాళ్ళు కూడా కిలోమీటర్లకి ఇవ్వలేదు గానీ కిలోమీటర్లు వాకబు చేసేవారు. పదమూడో వారంలో వాయుగుండం పట్టి వారమంతా వాన. ఆదివారం నేనేమీ పెట్టకపోతే ముగ్గురు ఫోన్ చేశారు.

వెబ్‌సైట్ మీద నాకు ఒకటే కోపం. డబ్బు కట్టే చోట వాళ్ళ నిర్వహణ కోసమని 'టిప్' ముందే టిక్ పెట్టి ఉంచారు. మా పిన్ని వెయ్యి వేద్దామనుకుంటే 1,100 కట్ అయింది. ఆ వంద ఎవరికిరా అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అది తీసెయ్యొచ్చు, కానీ ఆ మీట పెద్దవాళ్ళ కంటికి కనపడదు. ఆ తర్వాత అందరికీ ట్రస్టు ఖాతా క్యూఆర్ కోడే పంపాను. మొత్తం 143 మంది, 1,86,300 రూపాయలు. అందులో పేజీ ద్వారా వచ్చింది 52,800 మాత్రమే.

అకౌంట్స్ మనిషిగా ఒక మాట. విరాళానికి పన్ను మినహాయింపు రసీదు (80జి అంటారు) కావాలనేవాళ్ళ దగ్గర పాన్ నంబరు డబ్బుతోపాటే తీసుకోండి, లేకపోతే మార్చిలో వెంటపడాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే అది పనికొస్తుంది, రెండువేలు దాటిన నగదుకి పనికిరాదు. నేను నగదు అసలు ముట్టుకోలేదు, ఇస్త్రీ చేసే ఆమె దగ్గర తప్ప. ఆమె 200 నేను కట్టి రసీదు ఆమె చెల్లెలి పేరున తెచ్చిచ్చాను.

పరుగు రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 31 వరకూ ఎక్కాలు, 34 నుంచి తిట్లు, చివరి మూడు కిలోమీటర్లు సగం నడక. 5 గంటల 21 నిమిషాలు. కుడికాలి బొటనవేలి గోరు వారానికి ఊడింది. తొడలకి వేజలిన్ రాసుకోవడం మర్చిపోయినందుకు ఆ సాయంత్రం స్నానం చేస్తూ పెట్టిన కేక పక్కింటికి వినపడిందట.

ప్లాన్‌కి ఐదుకి మూడున్నర మార్కులు. ఇంతకుముందు ఐదు కిలోమీటర్లు పరిగెత్తినవాళ్ళకి సరిపోతుంది, కానీ విశాఖలో అయితే 18 బదులు 22 వారాలు పెట్టుకోండి, వానకీ ఉక్కకీ గాయానికీ నాలుగు వారాలు పోతాయి. విరాళాల పేజీకి రెండు, అదీ ఎంత వచ్చిందో అందరికీ కనపడేలా లెక్క చూపించినందుకు. బూట్లకి నాలుగు, 640 కిలోమీటర్లు అయ్యాయి, మడమ దగ్గర అడుగు అరిగింది గానీ ఇంకో వంద లాగుతాయి.

ఈ ఆషాఢానికి అమ్మతో గిరి ప్రదక్షిణకి వెళ్తున్నాను. బూట్లు వేసుకురావడానికి వీల్లేదని ఇప్పుడే చెప్పేసింది.