గండికోట రిసార్టులో తంగేడు కాని తంగేడు

"తంగేడు తోట మధ్యలో కాటేజీలు" అన్న ప్రకటన చూసే గది బుక్ చేశాను. అమ్మకి తంగేడంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లాం. వానలు పడ్డాయేమో, దారికి రెండు పక్కలా రాళ్ల సందుల్లోంచి తంగేడు విరగబూసింది.

రిసార్టు పేరు ఎందుకులెండి. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం బకెట్ సగం నిండేసరికి చల్లబడ్డాయి. రాత్రికి చెప్పిన రాగి సంగటి గట్టిపడి వచ్చింది, నాటుకోడి పులుసు బాగుంది కాబట్టి క్షమించేశాం.

కాటేజీల ముందు వరసగా పచ్చపూల పొదలు. అమ్మ ఒక కొమ్మ వంచి చూసి, "ఇది తంగేడు కాదు అబ్బీ" అంది.

"తంగేడేనమ్మా, నర్సరీ నుంచి తెచ్చినాము" అన్నాడు రిసెప్షన్ కుర్రాడు.

పొద్దున రోడ్డు పక్క నుంచి ఒక రెమ్మ తుంచుకొచ్చి, రెండింటినీ పిట్టగోడ మీద పక్కపక్కన పెట్టింది. అసలు తంగేడులో ఆకుకాడ మొదట్లో రెండు గుండ్రటి చిన్న ఆకులు, అచ్చం చెవుల్లా అంటుకుని ఉన్నాయి. తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా, అందులోని 'ఆరిక్యులేటా'కు అర్థం ఆ చెవులే. తోటలోని దానికి ఆ చోట సన్నటి పోగుల్లాంటివే, అవీ కొన్ని రాలిపోయాయి. తంగేడుకు ఎదురెదురు చిట్టి ఆకుల ప్రతి జత మధ్యా నిలువుగా ఒక చిన్న గ్రంథి, అంటే రసం ఊరే బొడిపె, ఉంటుంది, తోటదానికి కింది రెండు మూడు జతల దగ్గరే. అది సెన్నా సురాటెన్సిస్ అని తర్వాత నేను పోల్చుకున్నాను. తంగేడుకు దాయాదే, అందానికి పెంచుతారు. రోడ్ల పక్కన నీడకు వేసే సీమ తంగేడు ఇంకో దాయాది. అది ఏకంగా చెట్టే, ఆకుల మధ్య గ్రంథులే ఉండవు.

"మా ఊళ్లో దీని బెరడుతోనే తోళ్లు ఊనేవాళ్లు" అంది అమ్మ, తన రెమ్మను చూపిస్తూ. కుర్రాడు రెండింటికీ ఫోటో తీసుకుని, "నర్సరీవాడు మమ్మల్ని ముంచినాడు" అన్నాడు.

కోట గురించి చెప్పేదేముంది, పొద్దున్నే జామియా మసీదు, ధాన్యాగారం దాటి పెన్న లోయ అంచున నిలబడితే గది బాధలన్నీ మర్చిపోతారు. ఈసారి వెళ్తే మాత్రం రాత్రికి జమ్మలమడుగు లాడ్జిలో దిగి, చీకటితోనే ఆటో ఎక్కుతాం. తంగేడు ఎలాగూ దారిలోనే ఉంది, ఉచితంగా.