పడవలో వేణ్ణీళ్ళ కోసం మూడు ప్రయాణాలు

కిందటి చలికాలంలో ఇక్కడ బ్రిటన్‌లో మేము ఒక పాత పడవ కొన్నాం. 24 అడుగులది, లోపలే డీజిల్ ఇంజను, నలుగురం సర్దుకుని పడుకోవచ్చు. కుళాయి ఉంది గానీ అందులో చన్నీళ్ళు తప్ప రావు. "ముందు స్నానం సంగతి తేల్చండి, ఆ తర్వాతే నేను ఎక్కేది" అని మా ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. కేటలాగులు తిరగేస్తే నాలుగు రకాల హీటర్లు కనబడ్డాయి. ప్రతి కంపెనీ తనదే మేలంటుంది. మా పడవ రిపేరు కోసం ఒడ్డున ఉండగానే వేరే వాళ్ళ పడవల్లో నాలుగేసి రోజులు గడిపి, ఏ పద్ధతి మనకు సరిపడుతుందో చూద్దామనుకున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మాయి, బావమరిది.

మొదటిది ఏప్రిల్‌లో, ఇంగ్లండ్ నుంచి వేల్స్‌లోకి వెళ్ళే లంగోలెన్ కాలువ మీద. (ఆ పేరును వేల్స్ వాళ్ళు పలికే తీరు మన లిపిలో రాయడం నా వల్ల కాదు.) ఎల్స్‌మియర్ దగ్గర నారోబోట్ (కాలువల కోసం కట్టిన సన్నటి పొడవాటి పడవ) ఎక్కి పడమటికి బయల్దేరాం. న్యూ మార్టన్ దగ్గర రెండు లాకులు దాటితే లంగోలెన్ దాకా ఇంక లాకులే లేవు, కొత్తవాళ్ళకు హాయి. కాకపోతే మామూలు కాలువల్లా నీళ్ళు ఇక్కడ నిలిచి ఉండవు. డీ నది నుంచి హార్స్‌షూ ఫాల్స్ దగ్గర మళ్ళించిన నీళ్ళు ఎదురొస్తూ ఉంటాయి. చర్క్ సొరంగంలో అయితే ఇంజను రొద పెడుతోంది, పడవ మాత్రం నత్తలా పాకుతోంది. "బావా, దిగి నడిస్తే ముందే చేరతాం" అన్నాడు బావమరిది. అన్నంత పనీ చేశాడు. సొరంగం లోపల కాలిబాట ఉంది మరి.

ఆ పడవలో వేణ్ణీళ్ళు కేలొరిఫయర్ నుంచి వస్తాయి. పేరుకే గొప్ప, పని తేలిక. మందంగా ఫోమ్ కప్పిన ట్యాంకు, లోపల ఒక రాగి గొట్టపు చుట్ట. ఇంజను చల్లబడడానికి తిరిగే కూలెంటు ఆ చుట్టలోంచి వెళ్తుంది. ఎలాగూ వృథాగా పోయే వేడి కాబట్టి దానికంటూ వేరే ఖర్చు లేదు. గంట, గంటన్నర ప్రయాణానికే 55 లీటర్ల ట్యాంకు పొగలు కక్కింది. కాలువను నది మీదుగా దాటించే పాంట్‌కసల్తె వంతెన మీద వెళ్తుండగా మా ఆవిడ లోపల వేణ్ణీళ్ళతో గిన్నెలు కడుగుతోంది. 1805లో కట్టిన ఇనుప తొట్టి అది, 307 మీటర్ల పొడవు. ఒక వైపు కాలిబాట, కటకటాలు ఉన్నాయి. రెండో వైపు ఏమీ లేదు, తొట్టి అంచు మాత్రమే. కిటికీలోంచి చూస్తే సరిగ్గా 38 మీటర్ల కింద నది. ఆవిడ చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. వంతెన దాటేదాకా పంపు నడుస్తూనే ఉంది, నీళ్ళు పోతూనే ఉన్నాయి.

సాయంత్రం ఇంజను ఆపగానే స్నానాలకు కూర్చుంటే నలుగురికీ సరిపోయాయి. చిక్కంతా తెల్లవారే వచ్చింది. ఒడ్డున కట్టిన పడవలో రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజను నడపకూడదని ఈ కాలువల మీద నియమం. ఏడింటికి లేచినవాడికి గోరువెచ్చని నీళ్ళే గతి. అదైనా భరించాం. లంగోలెన్ చేరాక ఒక రోజంతా వాన పట్టుకుంది, కదల్లేదు. మధ్యాహ్నానికి ట్యాంకు చల్లారిపోయింది. అక్కడ పడవలు కట్టుకునే బేసిన్‌లో కరెంటు, నీళ్ళు రెండూ ఉన్నాయి, చోటు శుభ్రంగా ఉంది, ఊరు నాలుగడుగుల్లో. కానీ మా అద్దె పడవకు కరెంటు ప్లగ్గే పెట్టలేదు! బుక్ చేసేటప్పుడు అడిగుండాల్సింది నేనే. చివరికి స్నానాల కోసమే గంటసేపు ఇంజను నడిపాం. పక్క పడవాయన తలుపు తీసి మమ్మల్నో చూపు చూసి మళ్ళీ వేసుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టను.

ఇంకో సంగతి. రెండో రాత్రి మంచం కింద టప్ టప్‌మని చుక్కలు పడుతున్న చప్పుడు. పడవకు చిల్లు పడిందేమోనని టెన్షన్. టార్చి వేసి చూస్తే ట్యాంకు పైనున్న సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్ళు కారి బిల్జ్‌లో, అంటే పడవ అడుగుభాగంలో, పడుతున్నాయి. నీళ్ళు కాగితే వ్యాకోచిస్తాయి కదా. ఆ పెరిగిన నీటికి చోటిచ్చే చిన్న ఎక్స్‌పాన్షన్ డబ్బా ఆ పడవలో లేదు. పావుగంట పనితో పోయేదాన్ని వాళ్ళు ఎందుకు వదిలేశారో అర్థం కాలేదు. అడిగితే "అన్ని పడవల్లోనూ అంతే" అన్నారు.

జూన్‌లో నార్ఫోక్ బ్రాడ్స్, తూర్పు ఇంగ్లండ్‌లో నదులూ సరస్సులూ ఉన్న ప్రాంతం. దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే అన్నీ సవ్యంగా జరిగాయి. వెడల్పాటి క్రూయిజర్, చదునైన నేల, రెల్లు, కొంగలు. ఆ ప్రాంతాన్ని చూసుకునే బ్రాడ్స్ అథారిటీ వాళ్ళ రేవుల్లో 24 గంటలు కట్టుకోవచ్చు, కొన్నిచోట్ల కరెంటు స్తంభాలు కూడా ఉన్నాయి. అలాంటి చోట ఒకసారి తీగ తగిలించాం. కేలొరిఫయర్‌లోనే అమర్చిన ఇమ్మర్షన్ రాడ్ పొద్దునకల్లా ట్యాంకు కాచి పెట్టింది. ఇంజను చప్పుడు లేదు, పక్కవాళ్ళ చూపులూ లేవు.

"అయితే కరెంటుతోనే కాచుకోవచ్చుగా, మన బ్యాటరీ ఉందిగా" అన్నాడు బావమరిది. అక్కడే కూర్చుని లెక్క వేశాం. 20 లీటర్ల నీళ్ళను 15 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే సుమారు ఒక యూనిట్ కరెంటు కావాలి. 12 వోల్టుల 100 యాంపియర్-అవర్ల బ్యాటరీలో మొత్తం ఉండేదే 1.2 యూనిట్లు, లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి. ఆ 20 లీటర్లకే రెండు బ్యాటరీలు! ఒడ్డున తీగ ఉన్నప్పుడే రాడ్, లేకపోతే దాని జోలికి పోకూడదని అప్పుడే తేలిపోయింది.

ఇక అక్టోబరు చివర్లో థేమ్స్. లెచ్‌లేడ్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా, 30 మైళ్ళ పైచిలుకు. తెలిసినవాళ్ళ ద్వారా దొరికిన 22 అడుగుల ఫైబర్ పడవ, వెనక బయట తగిలించిన అవుట్‌బోర్డ్ మోటారు. ఆ మోటారు నదిలోంచే నీళ్ళు తోడుకుని నదిలోకే వదిలేస్తుంది, అందుకని దానితో కేలొరిఫయర్ కుదరదు. అందులో ఉన్నది గ్యాస్ గీజర్. నాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే. కుళాయి తిప్పగానే మంట వెలుగుతుంది, ట్యాంకు చల్లారడమనే మాటే ఉండదు, గోడకు పెట్టుకుంటే చోటూ తక్కువే.

బయల్దేరిన చోటు అందంగా ఉంది. థేమ్స్ మీద అన్నిటికంటే ఎగువన ఉన్న సెయింట్ జాన్స్ లాక్ అది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు ప్రదర్శనశాల కోసం 1854లో చెక్కిన థేమ్స్ తాత (నదినే మనిషిగా ఊహించిన రూపం) విగ్రహం ఇప్పుడు ఆ లాక్ పక్కన ఒత్తిగిలి ఉంటుంది. లాకుల దగ్గర పనిచేసేవాళ్ళ గురించి మంచి మాటే చెప్పాలి. నీళ్ళు ఎక్కడ పట్టుకోవచ్చో, రాత్రికి ఎక్కడ కట్టుకుంటే బాగుంటుందో విసుక్కోకుండా చెప్పారు. ఎగువన నీటి కుళాయిలు దూరదూరంగా ఉంటాయి, ఒకటి కనబడితే ట్యాంకు సగం ఉన్నా ఆగి నింపుకోవడమే మేలు. సొంత పైపు తీసుకెళ్ళండి.

గీజర్ మొదటి స్నానంలోనే బుద్ధి చూపించింది. కాసేపు కాలేటంత వేడి, కాసేపు మంచులా చల్లన. "నాన్నా, ఎవరు తిప్పుతున్నారు కుళాయి?" అని లోపల్నుంచి మా అమ్మాయి కేక. ఎవరూ తిప్పడం లేదు. చిన్న పంపు ఆగి ఆగి కొడుతోంది. ధార తగ్గగానే గీజర్ మంట ఆరిపోతోంది, పెరగగానే వెలుగుతోంది. గొట్టంలో ఒత్తిడి నిలిపే చిన్న అక్యుములేటర్ డబ్బా ఒకటి ఉంటే ఈ గొడవ సగానికి సగం పోయేది. పైగా ధార సన్నం. గీజర్ బలం ఎప్పుడూ అంతే, వచ్చే నీళ్ళు ఎంత చల్లగా ఉంటే వేణ్ణీళ్ళు అంత తక్కువ. 8 కిలోవాట్ల గీజర్ 18 డిగ్రీల నీళ్ళను 40కి తేవాలంటే నిమిషానికి 5 లీటర్లు ఇస్తుంది. అవే నీళ్ళు 7 డిగ్రీలుంటే మూడున్నరే.

రెండో రాత్రి మంచు పడింది. పొద్దున గీజర్ వెలగలేదు, పొయ్యి కూడా నీరసంగా మండింది. సిలిండర్ నీలం రంగుది, అంటే బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బ్యూటేన్ ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది. ఎర్ర సిలిండర్‌లో వచ్చే ప్రొపేన్‌కు ఆ బాధ లేదు, అది మైనస్ 42 దగ్గర కూడా మరుగుతుంది. చలికాలం పడవ ఇచ్చేవాళ్ళు ఎర్రది పెట్టి ఇవ్వాలి. పెట్టలేదు.

అదే రోజు పై నుంచి వరద నీళ్ళొచ్చి లాకుల దగ్గర ఎర్ర బోర్డులు పెట్టేశారు. ఎర్ర బోర్డు ఉంటే ఇంజను పడవలు కదలకుండా ఉండడమే క్షేమం. ఒకటిన్నర రోజు ఒకే చోట. ఎండ వచ్చాక గ్యాస్ మళ్ళీ పలికింది. ఒప్పుకోవాలి, కదలకుండా ఉన్న ఆ ఒకటిన్నర రోజూ మేము వేణ్ణీళ్ళతోనే స్నానం చేశాం. లంగోలెన్‌లో ఆ భాగ్యం లేదు.

మరి గ్యాస్ ఎందుకు వద్దనుకున్నానంటే ఒక టేపు ముక్క వల్ల. గీజర్ పక్కన గోడకు గాలి కోసం ఒక రంధ్రం, దానికి చిల్లుల మూత. ఎవరో చలిగాలి వస్తోందని దాని మీద టేపు అంటించారు! ఆ గీజర్ క్యాబిన్‌లోని గాలినే మంటకు వాడుకునే పాత రకం. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. ఇక్కడి బోట్ సేఫ్టీ స్కీమ్ 2019 ఏప్రిల్ నుంచి దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి చేసింది. ఈ పడవలోనూ ఉంది, మోగలేదు కూడా. కానీ టేపు పీకిన తర్వాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గాలిని బయటినుంచే తీసుకుని పొగను బయటికే వదిలే మూసిన రకాలు ఉన్నాయి, గ్యాస్ పెట్టుకోదలిస్తే అవే పెట్టుకోవాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే బిల్జ్‌లోకి దిగి అక్కడే ఉంటుంది. పొయ్యి ఒక్కటి చాలు, ఇంకో గ్యాస్ గొట్టం మా పడవలో వద్దు.

డీజిల్ హీటర్ కూడా ఆలోచించాం. క్యాబిన్‌నూ నీళ్ళనూ కలిపి వేడి చేస్తుంది, ఏడాదంతా పడవలోనే ఉండేవాళ్ళకు అది తగినదే. వారాంతాల్లో తిరిగే మాకు ఆ ఖర్చు, ఆ సర్వీసింగ్, రాత్రిపూట ఆ ఊళ ఎందుకని మానేశాం.

కాబట్టి 20 లీటర్ల కేలొరిఫయర్, కూలెంటు చుట్టతో పాటు ఇమ్మర్షన్ రాడ్ ఉన్నది. అంత చిన్నదా అని మా ఆవిడ సందేహపడింది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు కదా, ఇక్కడ అది అక్షరాలా లెక్కే. ట్యాంకులో 70 డిగ్రీల నీళ్ళుంటే, 12 డిగ్రీల నీళ్ళు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్ళు 40 లీటర్లవుతాయి. ఆ కలిపే పని మిక్సింగ్ వాల్వ్ చేస్తుంది. అది పెట్టకపోతే 70 డిగ్రీల నీళ్ళు నేరుగా చేతుల మీద పడి కాలుతాయి, దాన్ని మాత్రం మానకండి. షవర్ నిమిషానికి 6 లీటర్లు తాగుతుంది కాబట్టి బకెట్టూ చెంబూ పెట్టుకుంటున్నాం. చెంబు స్నానమైతే ముగ్గురికి ధారాళం, నలుగురికి సర్దుబాటు. కదలకుండా, కరెంటు లేకుండా ఉండే రోజు వస్తే పొయ్యి మీద కెటిల్ ఉండనే ఉంది.

మెకానిక్ వచ్చి చూసి రెండు మాటలు చెప్పాడు. ట్యాంకు ఇంజను కూలెంటు డబ్బా మూత కంటే కిందనే ఉండాలి, లేకపోతే గొట్టాల్లో గాలి చేరి వేడి అందదు. చలికాలంలో పడవ వదిలేసి వెళ్ళేటప్పుడు నీళ్ళు మొత్తం వంపేయడానికి అన్నిటికంటే కింద ఒక కుళాయి కావాలి, గడ్డకడితే ట్యాంకే పగులుతుంది. ఈ రెండూ కుదిరే చోటు కుడివైపు మంచం కింద ఒక్కటే. టేపు పెట్టి కొలిచాం. ఎత్తు సరిపోయింది, పొడవు సరిపోయింది, గొట్టం వంపుకు మాత్రం రెండు అంగుళాలు తక్కువ. బావమరిది తన బట్టలు పెట్టుకునే అరను కోయాలట. వాడికింకా చెప్పలేదు.