బెంగళూరు ఎండకు ఏ పులుపు నిలుస్తుంది: టార్టారిక్‌దా, మాలిక్‌దా?

నంది కొండల చుట్టుపక్కల అక్టోబరులో కత్తిరించిన వైన్ ద్రాక్ష వేసవి ముంగిట కోతకొస్తుంది. తీపి ఎక్కే రోజులూ ఎండ ముదిరే రోజులూ ఒకటే. కాబట్టి కొత్త సంకరాల్లో మొలకల్ని ఏరేటప్పుడు ‘పులుపు ఎంత’ అని అడిగితే చాలదు, ‘ఏ పులుపు’ అని అడగాలి. ద్రాక్షకు పులుపునిచ్చే ప్రధాన ఆమ్లాలు రెండు: టార్టారిక్, మాలిక్.

టార్టారిక్‌ను తీగ విటమిన్ సి నుంచి తయారుచేసుకుంటుంది. అందులో పనిచేసే ఎల్-ఇడోనేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును 2006లో గుర్తించారు. కాయ రంగు తిరిగేలోపే ఈ ఆమ్లం నిండుతుంది, తర్వాత కాయ దాన్ని దాదాపు ముట్టుకోదు. మాలిక్ కథ వేరు. రంగు తిరిగాక కాయ దాన్ని శ్వాసకు ఖర్చు చేస్తుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా త్వరగా. ఆపిల్‌లో 16వ క్రోమోజోమ్ మీది ‘ఎంఏ’ అనే జన్యు స్థానం ఒక్కటే పులుపును చాలావరకు నిర్ణయిస్తుంది. ద్రాక్షలో అంత సులువు లేదు, చిన్న చిన్న ప్రభావాలున్న జన్యువులు చాలా కలుస్తాయి. అమెరికా అడవి ద్రాక్ష రిపేరియా సంతతిలో మాలిక్ మరీ ఎక్కువ. చలిదేశాల ప్రజనకులు దాన్ని తగ్గించడానికే తరాలు వెచ్చిస్తారు. వాళ్లు ‘తక్కువ మాలిక్’ కోసం వెతికిన డీఎన్ఏ మార్కర్లను (ఒక గుణాన్ని ముందే పసిగట్టే జన్యు గుర్తులను) ఇక్కడ కళ్లు మూసుకుని వాడితే మనకు అవసరం లేని లక్ష్యం వైపు ఏరినట్టే.

పీహెచ్‌లోనూ టార్టారిక్‌దే పైచేయి (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). దాని మొదటి పీకేఏ (ఆమ్లబలపు కొలత, అంకె తక్కువైతే ఆమ్లం బలమైనది) 2.98, మాలిక్‌ది 3.40. రెడ్ వైన్‌లో మాలోలాక్టిక్ పులియబెట్టడం జరిగితే 1 గ్రాము మాలిక్ సుమారు 0.67 గ్రాముల లాక్టిక్‌గా మారి పులుపు ఇంకా పడిపోతుంది. అందుకే నా ఓటు టార్టారిక్‌కే. తొందరగా కోసే స్పార్క్‌లింగ్ వైన్‌కైతే మాలిక్ ఉన్న మొలకనూ ఉంచుకోవచ్చు. పొటాషియం మాత్రం టార్టారిక్‌కు శత్రువు: రసంలో అది ఎక్కువైతే లవణంగా కలిసి పీహెచ్‌ను పెంచేస్తుంది. వేరుమూలాన్ని, అంటే అంటుకట్టే కింది మొక్కను బట్టి పొటాషియం మారుతుంది, అందుకే పోల్చే మొక్కలన్నీ ఒకే వేరుమూలం మీద ఉండాలి.

కొలత ఇలా: వేర్వేరు గుత్తుల నుంచి 100 కాయలు పిండి, 10 మి.లీ. రసం తీసుకుని, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ను పీహెచ్ 8.2 వచ్చేదాకా పోయండి. నల్లరసంలో ఫినాల్ఫ్తలీన్ రంగు కనబడదు, పీహెచ్ మీటరే గతి. పోసిన మి.లీ.ను 0.75తో గుణిస్తే టార్టారిక్ లెక్కలో లీటరుకు గ్రాములు వస్తాయి. 8 మి.లీ. పోస్తే 6 గ్రాములు. ఫ్రిజ్‌లో పెట్టిన రసమైతే టార్టరేట్ (టార్టారిక్ లవణపు) గింజలు అడుగున పేరుకుని ఉంటాయి. గోరువెచ్చగా చేసి కరిగించకపోతే మంచి మొలక కూడా పులుపు తక్కువదిగా తేలి చెత్తబుట్టలో పడుతుంది. ఈ లెక్క రెండు ఆమ్లాలనూ కలిపేస్తుంది కనుక విడిగా చూడటానికి పేపర్ క్రొమటోగ్రఫీ (రసంలోని ఆమ్లాలను కాగితం మీద విడదీసే పద్ధతి) చేయాలి. నీలపు ఆకుపచ్చ కాగితం మీద పసుపు మచ్చల్లో కిందది టార్టారిక్, దానికి పైన మాలిక్. మచ్చ సైజు అంచనాకే, అంకెలు కావాలంటే ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో కొలవాలి.

ఎక్కువ మంది చేసే తప్పు ఒకే తేదీన పోల్చడం. ఒకే బ్రిక్స్ (రసంలో తీపి కొలత) దగ్గర, అంటే 22కి చేరినప్పుడు, పోల్చండి. లేకపోతే ఆలస్యంగా పండేవన్నీ పుల్లటివిగా కనిపిస్తాయి. తొలి కాపును నమ్మకండి, కనీసం రెండు కాపులు చూడండి.

తల్లిదండ్రుల ఎంపికకు బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థలోనే దారి ఉంది: అర్క హంస్ అంటే బెంగళూరు బ్లూ, మన హైదరాబాదు అనాబ్-ఎ-షాహీల సంకరం. బెంగళూరు బ్లూ వాడితే దాని లాబ్రుస్కా (అమెరికా ద్రాక్ష జాతి) వాసన కూడా పిల్లలకు దిగుతుంది. కాబట్టి పులుపు బాగున్న మొలకల్ని వాసన చూసి మళ్లీ ఒకసారి ఏరాలి.