స్థిర వాయిదాలా, తగ్గుతున్న నిల్వలా: తరుగుదలకు ఏది మేలు?

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపు, లారీ కిరాయి, బిగింపు ఖర్చులతో కలిపి 10,00,000 రూపాయలకు ఏప్రిల్‌లో లేత్ మెషిన్ కొన్నదనుకుందాం. పదేళ్లకు తుక్కు విలువ 50,000 వస్తుందని అంచనా వేస్తే, స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా 95,000 చొప్పున తరుగుదల (వాడకంతో తగ్గే విలువను ఖర్చుగా చూపే పద్దు) రాయాలి. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 15 శాతం రేటున మొదటి ఏడు 1,50,000, మిగిలిన 8,50,000 మీద రెండో ఏడు 1,27,500, మూడో ఏడు 1,08,375 పడుతుంది.

ఇటువంటి యంత్రానికి రెండో పద్ధతే మేలని నా గట్టి అభిప్రాయం. కొత్త లేత్‌కు ఆయిల్ పోస్తే చాలు. ఏళ్లు గడిచేకొద్దీ బేరింగులు మార్చాలి, అరిగిన బెడ్‌ను సరిచేయించాలి. మరమ్మతులు పెరిగే ఏళ్లలో తరుగుదల తగ్గుతుంది కనుక, యంత్రం వల్ల పడే మొత్తం ఖర్చు లాభం మీద ఒక్కసారిగా విరుచుకుపడదు. పైగా ఆదాయపు పన్ను లెక్కలో సాధారణ యంత్రాలకు ఈ పద్ధతిలోనే 15 శాతం అనుమతిస్తారు కాబట్టి, సొంత వ్యాపారికి రెండు లెక్కల బెడద చాలావరకు తప్పుతుంది. అయితే యంత్రాన్ని కొన్న సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే పన్నుకు సగం రేటే వర్తిస్తుంది. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకున్న (అంటే అమ్మకాలపై కట్టాల్సిన పన్నులో మినహాయించుకున్న) జీఎస్టీని యంత్రం ఖరీదులో కలపకూడదు.

ఈ పద్ధతికీ లోపముంది. పదేళ్ల తరువాత పుస్తకాల్లో ఇంకా 1,96,874 రూపాయలు నిలిచి ఉంటుంది. అప్పుడు తుక్కు కింద 50,000కే అమ్మితే మిగతాది ఆ ఒక్క ఏడాది నష్టంగా చూపాలి. అందుకే అయిదేళ్ల లీజు షెడ్డులో వేయించిన పార్టిషన్ల వంటి, గడువు ముందే తెలిసిన ఆస్తులకు స్థిర వాయిదాలే సరైనవి. లిమిటెడ్ కంపెనీలైతే 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలులోని ఆయుర్దాయాన్ని చూసుకోవాలి. సాధారణ యంత్రాలకు అది 15 ఏళ్లు.

పద్ధతి ఏదైనా, తరుగుదలను నేరుగా యంత్రాల ఖాతాకు క్రెడిట్ చేయడం కన్నా తరుగుదల ఏర్పాటు ఖాతాను వేరుగా తెరవడం మంచిది. నేరుగా తగ్గిస్తే మూడో ఏటి చివర లెడ్జర్‌లో 6,14,125 మాత్రమే కనిపిస్తుంది. వేరు ఖాతా ఉంటే 10,00,000 అసలు ఖరీదు, 3,85,875 పేరుకున్న తరుగుదల రెండూ కనిపిస్తాయి; రుణం కోసం పుస్తకాలు అడిగిన బ్యాంకు మేనేజరుకు యంత్రం ఎంత పాతదో విడిగా చెప్పవలసిన పని ఉండదు.