కింగ్ ఇల్లు చూడాలంటే మాంట్‌గోమరీ వెళ్లండి, బస మాత్రం చూసి దిగండి

మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ గురించి చూడాలనుకునే మనవాళ్లు చాలామంది అట్లాంటాతో సరిపెట్టేస్తారు. ఆబర్న్ అవెన్యూలో సమాధి, ఎబినేజర్ చర్చి, గాంధీ విగ్రహం అన్నీ దగ్గర దగ్గరే, ప్రవేశం ఉచితం. కానీ 1929లో ఆయన పుట్టిన ఇల్లు మేం వెళ్లిన 2024 వేసవిలో మరమ్మతుల కోసం మూసి ఉంది. గుంటూరు నుంచి వచ్చిన మామయ్యగారు దాని మీదే ఆశ పెట్టుకున్నారు. రోడ్డు మీంచే చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కారు.

ఆయన ముఖం మళ్లీ విప్పారింది అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో. అట్లాంటా నుంచి 160 మైళ్లు, సమయం గంట వెనక్కి వెళ్తుంది. సౌత్ జాక్సన్ స్ట్రీట్‌లో 309 నంబరు ఇల్లు, డెక్స్టర్ అవెన్యూ చర్చి తన పాస్టర్‌గా ఉన్న కింగ్‌కి ఉండడానికి ఇచ్చినది. 1956 జనవరి 30 రాత్రి దీని వసారా మీదే బాంబు వేశారు. బస్సుల్లో నల్లవాళ్ల పట్ల వివక్షకు నిరసనగా ఆయన నడిపించిన బస్సుల బహిష్కరణ మొదలై అప్పటికి రెండు నెలలు కాలేదు. కింగ్ సభలో ఉన్నారు, ఇంట్లో ఆయన భార్య కొరెట్టా, నెలల పసిపాప. వాళ్లకేం కాలేదు. ఆయుధాలు పట్టుకుని వచ్చిన తమవాళ్లను, ఆ వసారాలోనే నిలబడి, వాటిని ఇంటికి తీసుకెళ్లిపొమ్మని చెప్పారాయన. అప్పటికి ఆయన వయసు 27. బాంబు పడిన చోట గుర్తు పెట్టి ఉంచారు.

లోపల వంటగది చాలా చిన్నది. బాంబుకి కొద్ది రోజుల ముందు, అర్ధరాత్రి ఫోన్లో బెదిరిస్తే నిద్రపట్టక, కాఫీ పెట్టుకుని ఆయన ప్రార్థన చేసుకున్నది ఇక్కడే. మామయ్యగారు ఆ బల్ల దగ్గర నుంచి కదల్లేదు. ఇల్లు చూపించే పెద్దావిడ తొందరపెట్టకుండా, ఆయన అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పారు. 381 రోజులు జనం బస్సెక్కకుండా ఎలా తిరిగారో, కార్లు ఎలా పంచుకున్నారో ఆవిడ చెబుతుంటే వినాల్సిందే.

భోజనం బాగుంది: వేయించిన బెండకాయ, పచ్చి టమాటా ముక్కలు, మొక్కజొన్న రొట్టె, మనిషికి 14 డాలర్లు. శాకాహారులు ఆకుకూర మాత్రం అడిగి తినండి, అక్కడ పంది మాంసం వేసి వండడం మామూలు.

ఇక బస. ఊరి బయట హైవే పక్కన మోటెల్, ఆన్‌లైన్‌లో గది 79 డాలర్లు. కౌంటర్ దగ్గర "సౌకర్యాల రుసుము" అంటూ ఇంకో 25 అడిగారు. ఏం సౌకర్యాలండీ? ఈత కొలనులో నీళ్లు పాచిపట్టి ఉన్నాయి, పొద్దున టిఫిన్ లేదు. గదంతా సిగరెట్ వాసన, ఏసీ నీళ్లు మంచం పక్కన తివాచీ మీదకి కారుతున్నాయి. గది మార్చమంటే మరో 30 కట్టమన్నారు. మావారు గట్టిగా అడిగేసరికి, ఇష్టం లేకపోతే వెళ్లిపొమ్మన్నాడు కౌంటర్లో ఉన్నతను. రాత్రి పదకొండు, పెద్దవాళ్లను తీసుకుని ఎక్కడికి పోతాం? అత్తయ్యగారు తెల్లారేదాకా కుర్చీలోనే కూర్చున్నారు. ఆ పాతిక డాలర్లు మూడు వారాల తర్వాత కార్డు బ్యాంకు ద్వారా వెనక్కి వచ్చాయి. కానీ ఆ నిద్రలేమి వల్ల సెల్మా వంతెన వదిలేసుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. 1965లో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం కవాతు చేస్తున్న వాళ్లని పోలీసులు లాఠీలతో కొట్టిన చోటు అది, మాంట్‌గోమరీకి గంట ప్రయాణమే. మామయ్యగారికి ఆ బెంగ ఇంకా పోలేదు.

40, 50 డాలర్లు ఎక్కువైనా ఊరి మధ్యలోనే గది తీసుకోండి. ఇల్లు చూసే వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సెల్మా పొద్దున్నే బయల్దేరేలా పెట్టుకోండి.