చీవ్‌నింగా, ఎరాస్మస్ ముండసా?

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ బాగా నప్పుతుంది. ఏడాదిలో మాస్టర్స్ అయిపోతుంది. కానీ 2,800 గంటల పని అనుభవం చూపాలి. చదువయ్యాక స్వదేశానికి వచ్చి రెండేళ్లు ఉండాలి. బ్రిటన్‌లోనే సంపాదించి ఇంటి అప్పులు తీర్చాలనుకునే పిల్లలకు ఈ షరతు చాలా బరువు. దరఖాస్తుకు ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ స్కాలర్‌షిప్‌లో ఆ షరతు లేదు. ఫీజు వాళ్లే కట్టి, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. వీసా, విమానం ఖర్చు అందులోంచే. కనీసం రెండు దేశాల్లో చదవాలి కాబట్టి మారినప్పుడల్లా ఇల్లు వెతుక్కునే టెన్షన్ తప్పదు. అయినా డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు నేను దీన్నే చెబుతాను. చాలా కోర్సుల దరఖాస్తులు అక్టోబర్, జనవరి మధ్యే ఉంటాయి. ప్రొఫెసర్లను సిఫారసు లేఖలు దసరా సెలవులకు ముందే అడగండి.